ఎలుక ఒక్క పూటలో నేర్చుకునే పాఠం

వరి చేలో ఎలుకలకు మందు పెట్టే రైతులకు ఒక సంగతి అనుభవం మీద తెలుసు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు మొదటిసారి పెట్టినప్పుడు కొన్ని ఎలుకలు చస్తాయి. కొద్ది రోజులకే అదే ఎర మళ్లీ పెడితే, బొరియల దగ్గర నూకలు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోతాయి. చచ్చినవాటిని చూసి మిగతావి జాగ్రత్తపడ్డాయని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ఎరను ముట్టడం మానేసినవి చాలావరకు కాస్తే కొరికి, చావడానికి సరిపడా మందు ఒంట్లోకి వెళ్లక, కొన్ని గంటలు తిప్పలుపడి బతికి బయటపడినవే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మందు తిన్న క్షణానే కడుపులో తిప్పదు. నూకలు కొరికిన తర్వాత ఆ ఎలుక గట్టు మీద తిరిగి ఉంటుంది, పచ్చి వరి దుబ్బు కొరికి ఉంటుంది, ఏదో చప్పుడు విని పరిగెత్తి ఉంటుంది, బొరియలోకి పోయి పడుకుని ఉంటుంది. ఇన్ని జరిగాక ఒళ్లు పాడైతే, దానికి కారణం ఎప్పుడో తిన్న నూకలేనని దానికెలా తెలిసింది? అదీ ఒక్కసారికే?

చూడటానికి ఇది పొలం గట్టు ప్రశ్న. కానీ ‘నేర్చుకోవడం’ గురించి మనస్తత్వశాస్త్రం దాదాపు అర్ధ శతాబ్దం నమ్మిన సూత్రాన్ని సవరించుకునేలా చేసింది ఇలాంటి ప్రశ్నే. ఏ ప్రాణీ దేన్ని పడితే దాన్ని దేనితో పడితే దానితో ముడిపెట్టదు. ఏది దేనికి కారణం కాగలదో దాని శరీరం ముందే కొంత అంచనా వేసుకుని ఉంటుంది. అనుభవం ఆ అంచనాల మధ్య ఒకదాన్ని ఖాయం చేస్తుంది. ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో, అది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

పావ్లోవ్ కుక్క నేర్పినది

టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లందరికీ ఇవాన్ పావ్లోవ్ కుక్క పరిచయమే. జీర్ణక్రియ మీద చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న ఈ రష్యన్ శాస్త్రవేత్త, తిండి నోట్లో పడకముందే కుక్కకు లాలాజలం ఊరడం గమనించి ఆ విషయం వెంటపడ్డారు. మెట్రోనోమ్ టిక్కుటిక్కుమన్న కాసేపటికి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు తిండి లేకపోయినా ఆ టిక్కుటిక్కుకే లాలాజలం ఊరుతుంది. 1913లో అమెరికాలో జాన్ వాట్సన్ ప్రవర్తనావాదాన్ని ప్రకటించారు. ఆ తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో పనిచేసి, ఒక పనికి దక్కే ఫలితం ఆ పనిని ఎలా పెంచుతుందో, ఎలా తగ్గిస్తుందో చూపించారు. ఈ పరిశోధనల నుంచి మూడు నమ్మకాలు స్థిరపడ్డాయి. మొదటిది, సంకేతం, ఫలితం వెంటవెంటనే రావాలి. మధ్యలో ఎడం కొన్ని సెకన్లు దాటితే నేర్పు సడలిపోతుంది. రెండోది, ఆ జంట మళ్లీ మళ్లీ ఎదురుకావాలి. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పైకి చెప్పలేదు కానీ అందరూ నమ్మారు. ఏ సంకేతాన్నైనా ఏ ఫలితంతోనైనా ఒకే తేలికతో ముడిపెట్టవచ్చన్నదే అది. బోనులోని తెల్ల ఎలుకను చూసి సకల ప్రాణుల గురించీ సూత్రాలు రాయగలిగారంటే, ఆ ధైర్యం ఈ మూడో నమ్మకం ఇచ్చిందే. చేలోని ఎలుక మాత్రం ఈ మూడింటినీ ఒకేసారి ఉల్లంఘిస్తోంది.

> బాక్స్: మాటల అర్థం
>
> శాస్త్రీయ నిబంధనం: ఒక సంకేతం తర్వాత ముఖ్యమైనది ఏదో జరుగుతుందని నేర్చుకోవడం. పావ్లోవ్ కుక్క ఇందుకు ఉదాహరణ.
>
> కార్యసాధక నిబంధనం: తాను చేసే పనికి వచ్చే ఫలితాన్ని బట్టి ఆ పనిని పెంచుకోవడమో మానుకోవడమో నేర్చుకోవడం. మీట నొక్కితే గింజ వస్తుందని తెలిసిన ఎలుక ఇందుకు ఉదాహరణ.
>
> విరమణ: సంకేతం వస్తున్నా ఫలితం రావడం ఆగిపోతే, నేర్చుకున్న ప్రతిస్పందన క్రమంగా తగ్గిపోవడం.
>
> రుచి విముఖత: ఒక రుచి తర్వాత వికారం కలిగితే ఆ రుచినే దూరం పెట్టడం. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

ప్లాస్టిక్ సీసాలో నీళ్లు

1950ల తొలి సంవత్సరాల్లో జాన్ గార్సియా శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికా నౌకాదళ రేడియేషన్ రక్షణ ప్రయోగశాలలో పనిచేసేవారు. అణుబాంబు భయం నిండిన కాలం అది. కిరణాలు శరీరాన్ని ఏం చేస్తాయో తేల్చడం అక్కడి పని. కిరణాలు సోకే గదిలో ఎలుకలు క్రమంగా నీళ్లు తాగడం తగ్గించేస్తున్నాయి. తమ మామూలు బోనుల్లోకి వచ్చాక మాత్రం శుభ్రంగా తాగుతున్నాయి. తేడా సీసాల్లో దొరికింది. కిరణాల గదిలో ప్లాస్టిక్ సీసాలు వాడేవారు, బోనుల్లో గాజు సీసాలు. ప్లాస్టిక్ రుచి పట్టిన నీటిని ఎలుకలు తమ వికారంతో ముడిపెట్టుకున్నాయి. దీన్ని పద్ధతిగా పరీక్షించి గార్సియా, ఆయన సహచరులు 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. ఎలుకలకు సాక్రిన్ తీపి ఎంతో ఇష్టం. సాక్రిన్ నీళ్లు ఉన్న సమయంలో గామా కిరణాలు సోకిన ఎలుకలు, తర్వాత రెండు సీసాలు పెడితే తీపి నీళ్లను వదిలి మామూలు నీళ్లే తాగాయి. కిరణాలకు రంగూ వాసనా లేవు, తగిలిన క్షణాన నొప్పీ లేదు. వికారం తర్వాతెప్పుడో మొదలవుతుంది. అంటే సంకేతానికీ ఫలితానికీ మధ్య సెకన్ల ఎడం ఉండాలన్న నియమం ఇక్కడ చెల్లలేదు. 1966లో వికారం తెప్పించే మందును తీపి నీళ్లు తాగిన గంట తర్వాత ఎక్కించినా విముఖత ఏర్పడిందని గార్సియా బృందం చూపింది. మరుసటి ఏడాది జేమ్స్ స్మిత్, డేవిడ్ రోల్ ఎక్స్‌రేలతో చేసిన ప్రయోగంలో ఆ ఎడం 12 గంటల దాకా సాగినా ఎలుకలు నేర్చుకున్నాయి.

అయినా చాలామందికి నమ్మకం కుదరలేదు. వికారం చాలా తీవ్రమైన శిక్ష కాబట్టి అది అన్నింటినీ అంత గట్టిగా నేర్పుతుందేమో, రుచికి ప్రత్యేకత ఏమీ లేదేమో అన్నది న్యాయమైన సందేహమే. దాన్ని తీర్చడానికి 1966లో గార్సియా, రాబర్ట్ కోలింగ్ ఒక చక్కని ప్రయోగం అల్లారు. ఎలుక తీపి నీళ్లను నాలుకతో తాకినప్పుడల్లా ఒక దీపం వెలుగుతుంది, ఒక టిక్కుమన్న చప్పుడు వస్తుంది. అంటే ఒకే గుక్కలో రుచి, వెలుగు, చప్పుడు మూడూ ఉన్నాయి. ఇలా తాగిన తర్వాత కొన్ని ఎలుకలకు వికారం కలిగించారు, మరికొన్నింటికి కాళ్లకు విద్యుత్ షాకు ఇచ్చారు. తర్వాత రుచిని, వెలుగు చప్పుళ్లను విడదీసి పరీక్షించారు. వికారపడ్డ ఎలుకలు తీపి నీళ్లను వదిలేశాయి, వెలుగూ చప్పుడూ ఉన్న మామూలు నీళ్లను మాత్రం లెక్కచేయకుండా తాగాయి. షాకు తగిలినవి వెలుగు, చప్పుళ్లకు బెదిరాయి, తీపి నీళ్లను నిశ్చింతగా తాగాయి. ఎదురైన సంకేతాలు రెండు గుంపులకూ ఒకటే, నేర్చుకున్నది మాత్రం వేర్వేరు. వికారానికి బలం ఎక్కువ కావడమే కారణమైతే అది వెలుగునూ చప్పుడునూ కూడా నేర్పి ఉండాలి. అలా నేర్పలేదు. ఒళ్లు పాడైతే తిన్నదాన్ని, చర్మం మీద నొప్పి పుడితే చుట్టూ కనబడేదాన్ని, వినబడేదాన్ని అనుమానించడం ఎలుక పుట్టుకతోనే వెంట తెచ్చుకున్న మొగ్గు.

పిట్టకు రంగు, ఎలుకకు రుచి

ఈ మొగ్గు అందరిలోనూ ఒకేలా ఉంటే దాన్ని మెదడు నిర్మాణంలోని ఏదో సాధారణ నియమంగా తీసుకోవచ్చు. కానీ అది ప్రాణి బతుకును బట్టి మారుతుంది. 1971లో హార్డీ విల్కాక్సన్, ఆయన సహచరులు బాబ్‌వైట్ అనే జాతి కౌజు పిట్టలకూ ఎలుకలకూ నీలం రంగు వేసిన పుల్లని నీళ్లు తాగించి, అరగంట తర్వాత వికారం కలిగించారు. ఎలుకలు పులుపును వదిలేశాయి, నీలం రంగును పట్టించుకోలేదు. కౌజు పిట్టలు పులుపుతో పాటు నీలాన్ని కూడా, అంతకంటే గట్టిగా, దూరం పెట్టాయి. రాత్రిపూట ముక్కునూ నాలుకనూ నమ్ముకుని తినే జంతువుకు రుచే తిండి గుర్తు. పగలు కంటితో గింజను ఏరుకుని నమలకుండా మింగే పిట్టకు రంగే గుర్తు. విషమున్న సీతాకోకచిలుకలు మెరిసే రంగులు వేసుకుని తిరగడంలోని లాభం కూడా ఇదే. జిల్లేడు చెట్టును తిని పెరిగే మన నారింజ రంగు సీతాకోకచిలుకలను కానీ, జిల్లేడుకు దగ్గరి చుట్టాలైన మొక్కల మీద పెరిగే అమెరికా మోనార్క్‌లను కానీ ఒకసారి రుచి చూసి కక్కుకున్న పక్షి మళ్లీ ఆ రంగు జోలికి పోదు.

తిండికి సంబంధించినదే ఇలా ఉంటుందేమో అన్న అనుమానమూ రావచ్చు. స్కిన్నర్ దగ్గర శిక్షణ పొంది, ప్రదర్శనల కోసం జంతువులకు ఆటలు నేర్పడం వృత్తిగా పెట్టుకున్న కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1961లోనే తమ వైఫల్యాలను రాసి పెట్టారు. నాణేన్ని డబ్బాలో వేస్తే తిండి దొరుకుతుందని రకూన్ అనే జంతువుకు నేర్పారు. ఒక నాణెం వరకు బాగానే సాగింది. రెండు నాణేలు ఇచ్చేసరికి అది వాటిని డబ్బాలో వేయకుండా, నీటిలో దొరికిన ఎరను రుద్దినట్టు ఒకదానితో ఒకటి రుద్దుతూ కూర్చుంది. పందులు నాణేన్ని తెచ్చే దారిలో కింద పడేసి ముట్టెతో నేలను తవ్వడం మొదలుపెట్టాయి. ఆలస్యం చేసినకొద్దీ తిండి పోతున్నా ఆ అలవాటు తగ్గలేదు సరికదా పెరిగింది. భయం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ప్రయోగశాలలో పుట్టి, పామును ఎన్నడూ చూడని కోతులకు, మరో కోతి పామును చూసి హడలిపోయే వీడియో చూపిస్తే పామంటే భయం పట్టుకుంది. అదే వీడియోను మార్చి, ఆ కోతి పువ్వును చూసి హడలినట్టు చూపిస్తే పువ్వంటే భయం కలగలేదు. సూసన్ మినెకా, మైఖేల్ కుక్ 1980ల చివర చేసిన ఈ పరిశోధనల్లో శిక్షణ ఒకటే, ఫలితాలు వేరు.

అనుమానం ముందు కొత్తవాడి మీదే

ఒక్క రుచినే అనుమానించినా సమస్య తీరదు. తిన్నవి నాలుగైదు ఉంటే వాటిలో ఏది? ఊళ్లో దొంగతనం జరిగితే ఇరవై ఏళ్లుగా తెలిసిన పొరుగువాడిని వదిలి, నిన్న వచ్చిన కొత్తమనిషినే ముందు నిలదీసినట్టు, జీవి శరీరం కూడా కొత్త రుచినే పట్టుకుంటుంది. 1967లో శామ్యూల్ రెవస్కీ, ఎర్విన్ బెడార్ఫ్ ఎలుకలకు అలవాటైన తిండినీ కొత్త తిండినీ రెండూ పెట్టి తర్వాత వికారం కలిగించారు. వికారానికి దగ్గరగా తిన్నది ఏదైనా, నింద కొత్త తిండి మీదే పడింది. చాలాసార్లు తిన్నా ఏమీ కానిది మనకు అపకారం చేయదన్న అనుభవం ఒక రక్షణ కవచంలా పనిచేస్తుంది. వ్యవసాయ అధికారులు జింక్ ఫాస్ఫైడ్ పెట్టే ముందు ఒకటి రెండు రోజులు మందు కలపని నూకలు నూనె పట్టించి పెట్టమని చెప్పడంలో ఈ కిటుకే ఉంది. కొత్త తిండిని కొద్దికొద్దిగా రుచి చూసే ఎలుక అలవాటును అది సడలిస్తుంది, నూకలను ‘తెలిసిన తిండి’గా మారుస్తుంది.

కొత్తదనానికి ఇచ్చే ఈ ప్రాధాన్యం తిండితో ఆగదు. 1960ల చివర లియాన్ కామిన్ చప్పుడు తర్వాత షాకు వస్తుందని ఎలుకలకు నేర్పి, ఆ తర్వాత చప్పుడుతో పాటు వెలుగును కూడా చేర్చి షాకు ఇచ్చారు. వెలుగు, షాకు పలుసార్లు జతగా వచ్చినా ఎలుకలు వెలుగును దాదాపు నేర్చుకోలేదు. షాకు వస్తుందని చప్పుడే చెప్పేసింది, వెలుగు చెప్పే కొత్త సంగతి ఏమీ లేదు. అదే కాలంలో రాబర్ట్ రెస్కోర్లా సంకేతం లేనప్పుడు కూడా షాకులు అంతే తరచుగా వస్తుంటే, సంకేతంతో ఎన్ని జతలు కుదిరినా భయం ఏర్పడదని చూపారు. రెండు సంగతులు పక్కపక్కన జరగడం మాత్రమే నేర్పదు. ఒకటి రెండోదాని గురించి ముందుగా ఏమైనా తెలియజేయాలి. పావ్లోవ్ కుక్క కూడా శబ్దానికి తిండిని అతికించుకోలేదు, తిండి రాబోతోందన్న కబురును పట్టుకుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం: ఎడం నిజంగా గంటల్లో ఉందా? రుచి నాలుక మీద మిగిలిపోయి, కడుపులో తిప్పేటప్పుడు మళ్లీ తగులుతుందేమో కదా. ఎలుకలకు కక్కడం చేతకాదు, కాబట్టి తిన్నది నోటికి తిరిగి రాదు. అంతకంటే బలమైన సాక్ష్యం కౌజు పిట్టది. నీలం రంగు నాలుక మీద మిగిలేది కాదు. అయినా అరగంట తర్వాత వచ్చిన వికారం ఆ రంగు మీదే పడింది.

రెండో అభ్యంతరం మరింత లోతైనది. ఇదంతా కారణాన్ని కనిపెట్టడమే అయితే, అసలు కారణం తెలిసిన మనిషిలో ఈ విముఖత ఎందుకు పోదు? బస్సు ప్రయాణంలో కడుపు తిప్పినవాడికి అది మలుపుల వల్లనేనని బాగా తెలుసు. అయినా ఎక్కే ముందు తిన్న పదార్థాన్ని చూస్తే వెగటు పుడుతుంది. దీనికి జవాబు ఏమిటంటే, ఇక్కడ లెక్క వేసేది ఆలోచించే మనసు కాదు. 1972లో రోల్, స్మిత్ సాక్రిన్ తాగిన ఎలుకలకు మత్తుమందు ఇచ్చి, స్పృహ లేని స్థితిలోనే కిరణాలు సోకించారు. మెలకువ వచ్చాక అవి సాక్రిన్‌ను వదిలేశాయి. బాధను అనుభవించకుండానే శరీరం నేర్చుకుంది. అందుకే దీన్ని ఎలుక తెలివి అనడం సరికాదు. తరతరాలుగా విషాలు ఏరివేయగా మిగిలిన వంశాల్లో కుదురుకున్న అమరిక ఇది. కొత్త సమాచారం విని తీర్పు మార్చుకోవడం దానికి రాదు. రైతులు నమ్మే సామూహిక హెచ్చరిక సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. కెనడాలో బెనెట్ గేలెఫ్ చేసిన ప్రయోగాల్లో ఎలుకలు తోటి ఎలుక ఊపిరిలో వాసన చూసి ఏం తినవచ్చో నేర్చుకున్నాయి కానీ, తోటిది జబ్బుపడి ఉన్నా ఆ తిండిని మానాలని నేర్చుకోలేదు.

మూడో అభ్యంతరం: అయితే పావ్లోవ్ సూత్రాలు కొట్టివేయాలా? అవసరం లేదు. రుచి విముఖతలోనూ వికారం ఎంత తీవ్రమైతే నేర్పు అంత గట్టిగా ఉంటుంది. అదే రుచిని హాని లేకుండా పదేపదే ఇస్తే విరమణ కలుగుతుంది. ఒక రుచి మీద వెగటు దాన్ని పోలిన రుచులకూ పాకుతుంది. వ్యాకరణం పాతదే. మారింది, ఎంత వేగంగా, ఎంత ఎడంతో, దేనితో దేన్ని అన్న కొలతలు. ఆ కొలతలు సార్వత్రికం అనుకోవడమే పాత పొరపాటు.

> బాక్స్: రుచీ వికారమూ కలిసే చోటు
>
> నాలుక నుంచి వచ్చే రుచి నాడులు, పేగుల నుంచి వేగస్ నాడి తెచ్చే కబుర్లు రెండూ మెదడు కాండంలో ఒకే కేంద్రానికి చేరతాయి. దాని పక్కనే ‘ఏరియా పోస్ట్రీమా’ అనే చిన్న భాగం రక్తంలో తిరిగే విషాలను పసిగడుతుంది. మెదడులోని మిగతా చోట్ల రక్తనాళాల చుట్టూ ఉండే కట్టుదిట్టమైన అడ్డుగోడ ఇక్కడ పలచగా ఉండటమే అందుకు కారణం. ఈ భాగాన్ని తొలగించిన ఎలుకలకు లిథియం క్లోరైడ్‌తో వికారం కలిగించినా విముఖత సరిగా ఏర్పడదు. ఇక్కడి నుంచి కబురు ఇన్సులా, అమిగ్డలా అనే పై భాగాలకు వెళుతుంది. కంటికీ చెవికీ ఈ కూడలితో ఇంత దగ్గరి దారి లేదు. ఎలుక ఏ సంకేతాన్ని తేలికగా నేర్చుకుంటుందన్నది ఈ నాడుల అమరికలోనే చాలావరకు రాసి ఉంది.

ఆసుపత్రిలో, అడవిలో

ఈ అవగాహన ఆచరణలోకి వచ్చిన తొలి చోట్లలో క్యాన్సర్ వార్డు ఒకటి. కీమోథెరపీ వికారం తెప్పిస్తుంది. దానికి ముందు తిన్న తిండి మీద ఆ నింద పడుతుంది. 1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్ చికిత్సకు వచ్చిన పిల్లలకు ముందుగా కొత్త రుచి ఉన్న ఐస్‌క్రీమ్ ఇచ్చి చూశారు. తర్వాత ఎంచుకోమంటే, ఆ ఐస్‌క్రీమ్ తిని వికారం తెచ్చే మందులు తీసుకున్న పిల్లలు దాన్ని ఎక్కువగా నిరాకరించారు. మందు వల్ల ఇలా అవుతుందన్న వివరణ వారిని కాపాడలేదు. దీనికి విరుగుడు కూడా అదే సూత్రంలో దొరికింది. 1987లో బ్రోబర్గ్, బెర్న్‌స్టీన్ భోజనానికీ మందుకూ మధ్య పిల్లలకు వింత రుచి మిఠాయి ఇచ్చారు. నింద కొత్తదైన మిఠాయి మీదకు మళ్లి, భోజనం చాలావరకు తప్పించుకుంది. చికిత్స పూట రోగికి ఎంతో ఇష్టమైన వంటకం వండిపెట్టాలన్న ఇంట్లోవాళ్ల ఆరాటం, ఈ లెక్కన చూస్తే, ఆ వంటకాన్నే శాశ్వతంగా దూరం చేయవచ్చు.

అడవిలోనూ ఇది పనికొచ్చింది. 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన చెరకు కప్పలు విషపూరితమైనవి. వాటిని తిని క్వోల్ అనే చిన్న మాంసాహారులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. చావుకు దారితీసే పాఠం నేర్పేదేమీ ఉండదు. అందుకని పరిశోధకులు ప్రమాదం లేనంత చిన్న చచ్చిన కప్పలో వికారం తెప్పించే మందు పెట్టి క్వోల్‌లకు తినిపించారు. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఇలా నేర్చినవి అడవిలో కప్పల జోలికి పోకుండా ఎక్కువ కాలం బతికాయి. అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. గొర్రెలను చంపే కొయొటీలు అనే తోడేలు జాతి జంతువులకు ఇదే పద్ధతిలో గొర్రె మాంసం మీద వెగటు కలిగించాలని 1970లలో చేసిన ప్రయత్నాల ఫలితాలపై ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగాయి. ఒక మాంసాన్ని తినకపోవడం, ఆ జంతువును వేటాడకపోవడం రెండూ ఒకటి కావన్నది అందులోంచి తేలిన జాగ్రత్త.

ఒళ్లు నేర్వలేని పాఠాలు

ఈ అమరికకు ఉన్న గుడ్డితనాన్ని ఎలుకల మందుల చరిత్రే బయటపెట్టింది. 1940ల చివర వచ్చిన వార్ఫరిన్, ఆ తర్వాత వచ్చిన బ్రోమడయోలోన్ లాంటివి రక్తం గడ్డకట్టకుండా చేసి రోజుల తరబడి నెమ్మదిగా చంపుతాయి. తిన్న పూట వికారం ఉండదు కాబట్టి నింద వేయడానికి ఏ రుచీ దొరకదు. గంటల ఎడాన్ని దాటగలిగిన యంత్రాంగం రోజుల ఎడం దగ్గర ఓడిపోతుంది. మనిషి ఎదుర్కొనే పెద్ద హానులు చాలావరకు ఇలాంటివే. పొగ పీల్చిన సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి సుఖం ఇస్తుంది, ఊపిరితిత్తులు పాడవడానికి దశాబ్దాలు పడుతుంది. రోజూ తాగే తీపి పానీయం ఆ పూట హాయిగానే ఉంటుంది. కడుపు తిప్పే చెడిపోయిన కూరను ఒక్కసారికే జీవితాంతం గుర్తుపెట్టుకునే శరీరం, వీటి విషయంలో ఇరవై ఏళ్లయినా ఏమీ నేర్చుకోదు. దాన్ని బలహీనతగానో నిర్లక్ష్యంగానో తిట్టడం వల్ల లాభం లేదు. అంత ఎడాన్ని కలపగల నాడి మనలో ఎక్కడా లేదు.

నేర్పే పనిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఒక వాస్తవం గ్రహించాలి. బహుమతీ శిక్షా సరిగా ఇస్తే ఎవరికైనా ఏదైనా నేర్పవచ్చన్న ధీమా పాత మూడో నమ్మకానికి మరో రూపం. నేర్పవలసినది శరీరపు మొగ్గుకు అనుకూలంగా ఉంటే ఒక్క పూట చాలు, ప్రతికూలంగా ఉంటే ఏళ్లు చాలవు. ఆ ఏళ్ల ఎడాన్ని పూడ్చడానికి మనిషికి ఉన్న సాధనాలు వేరు. 2016 నుంచి మన దేశంలో సిగరెట్ పెట్టె మీద 85 శాతం స్థలాన్ని ఆక్రమించిన హెచ్చరిక బొమ్మలు, పొగాకు మీద పన్ను, బడి దగ్గర అమ్మకంపై నిషేధం ఇవన్నీ చేసేది ఒక్కటే. ఇరవై ఏళ్ల తర్వాత రావలసిన ఫలితాన్ని కొనే క్షణానికి దగ్గరగా లాక్కొస్తాయి. వీటిలో ఏది ఎంత పనిచేస్తుందో తూచేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, జనానికి ఎంత బాగా చెప్పాం అన్నది కాదు. హాని ఎంత ముందుకు, ఎంత దగ్గరగా తగులుతోందన్నదే అడగాలి.